ఆటకొరకు తరగతి నాపుట తగునా?

పరీక్షలో తప్పిన బాలుడు అదే తరగతిలో మరల కూర్చుండుట మనమెఱిగినదే. దానిని ఇంటిల్లిపాది తలవంపుగా నెంచుకొనుటయు మనమెఱిగినదే. కాని పరీక్షలో తప్పక, మంచి మార్కులు తెచ్చుకొన్న బాలుని విషయమున తల్లిదండ్రులే పాఠశాలకు పోయి, "మావానిని పై తరగతికి పంపవలదు, ఇందులోనే ఇంకొక యేడు ఉంచుడు" అని కోరుటయు, ఆ పాఠశాలవారు కాదనినచో వేరొక పాఠశాలకు వేలకొలది డాలర్లు జీతము కట్టి చేర్పించుటయు మనకు వింతగా తోచును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇది నేడు వింత కాదు. ఏడవ, ఎనిమిదవ తరగతులు చదువు మగపిల్లలను, ముఖ్యముగా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, బేస్‌బాల్, కుస్తీ మొదలగు ఆటలలో చురుకైనవారిని, ఇట్లు ఒక యేడు వెనుకకు దించువారు అచ్చట పెక్కురు కలరు. దీనికి వారు పెట్టిన పేరు రీక్లాసిఫికేషన్; వాడుకమాటలో హోల్డ్‌బ్యాక్. చదువు చాలక కాదు, ఒడలు చాలక. తోడివారికంటె ఒక యేడు పెద్దవాడై, రెండంగుళములు పొడవై మైదానమున నిలిచినచో కళాశాలల శిక్షకుల కన్ను వానిపై పడునని ఆశ.

దూరదేశపు ముచ్చటను మన పఠనమందిరములలో చర్చింపనేల యని పాఠకులడుగవచ్చును. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములలో తెలుగువారు లక్షలకొలదిగ స్థిరపడియున్నారు. మన వీధులలో ఏ పది యిండ్లు చూచినను ఒక యింటి మనుమడో మనుమరాలో అచ్చట చదువుచుండుట కానవచ్చును. ఆ పిల్లలు పుస్తకమునే గాక బంతిని గూడ చేతబట్టినారు. అది సంతోషింపదగిన సంగతి. అయితే శిక్షకుడు "వీనిని ఒక యేడు ఆపుడు" అనగానే ఆ తల్లిదండ్రులకు దిక్కుతోచుట లేదు. ఇక్కడి పెద్దలకు ఫోను చేసి అడుగుచున్నారు. న్యాయవాద వృత్తిలో నుండుటచేత మమ్మును అడిగినవారును కలరు. ఔనని గాని కాదని గాని ఒక్క మాట చెప్పి తప్పించుకొనుట అట్టివారికి మేలు చేయుట కాదు. పైగా ఈ వాడుకకు తోబుట్టువైన దురాచారమొకటి మన దేశమునందే వేళ్లూనియున్నది. దానిని గూర్చియు చెప్పవలసియున్నది.

మొదట ఈ వాడుక పుట్టిన తీరు తెలిసికొనవలెను. అమెరికాలో బాలుర క్రీడలు చాలవఱకు పాఠశాలలను, కళాశాలలను అంటిపెట్టుకొనియున్నవి. కళాశాల శిక్షకులు ఆటగాండ్రను వెదకునపుడు వాడు పుట్టిన సంవత్సరమును గాక, హైస్కూలు ముగించు సంవత్సరమును బట్టి జాబితాలు వ్రాసికొందురు. జాతీయ కళాశాలా క్రీడాసంఘము, అనగా ఎన్.సి.ఎ.ఎ., తన మొదటి శ్రేణి కళాశాలలలో ఆడగోరు విద్యార్థి 16 ముఖ్య పాఠ్యభాగములు పూర్తిచేయవలెననియు, తొమ్మిదవ తరగతిలో చేరినది మొదలు నాలుగేండ్లలో వానిని ముగింపవలెననియు, అందు 10 భాగములు ఏడవ అర్ధసంవత్సరమునకు ముందే ముగియవలెననియు నియమించినది. రాష్ట్రములలోని హైస్కూలు క్రీడాసంఘములును సామాన్యముగ తొమ్మిదవ తరగతినుండి ఎనిమిది అర్ధసంవత్సరములు మాత్రమే ఆడనిచ్చును. కావున ఆటగాని గడియారము తొమ్మిదవ తరగతి గడప దాటిన దినమున తిరుగ నారంభించును. ఆ పిదప ఆగిన యేడు లెక్కలోనికి వచ్చును. అంతకు మునుపు ఆగిన యేడు లెక్కలోనికి రాదు. ఎనిమిదవ తరగతిమీద అందఱి కన్నును పడుటకు కారణమిదియే.

అయితే ఈ దారికి ఎదురుగా మఱియొక గోడ కలదు. అది వయస్సు. టెక్సాస్ రాష్ట్రపు నిబంధన ప్రకారము, సెప్టెంబరు 1వ తేదినాటికి 19 ఏండ్లు నిండినవాడు ఆ విద్యాసంవత్సరమున హైస్కూలు పోటీలలో ఆడరాదు. తక్కిన రాష్ట్రములలోను తేదులలో భేదమున్నను 19 ఏండ్ల హద్దే సామాన్యము. ఈ లెక్క వేసికొనక తరగతి నాపించిన తల్లిదండ్రులు తమ చేతులతో తమ పిల్లవాని తుది యేటిని పోగొట్టుదురు. ఒక ఉదాహరణము చూతము. 2012 జూలైలో పుట్టిన బాలుడు అయిదేండ్లు నిండగానే 2017లో బడిలో చేరినయెడల, ఎనిమిదవ తరగతి రెండుమార్లు చదివినను, పండ్రెండవ తరగతి ఆరంభమున వానికి 18 ఏండ్లే, ఆడవచ్చును. కాని అదే బాలుని "చిన్నవాడు గదా" యని మొదటనే ఒక యేడు నిలిపి 2018లో చేర్పించి, ఎనిమిదవ తరగతిలో ఇంకొక యేడు నిలిపినచో, 2031 సెప్టెంబరునాటికి వానికి 19 నిండును. కళాశాలల దృష్టిలో పడవలసిన ఆ పండ్రెండవ తరగతిలోనే వాడు గట్టుమీద కూర్చుండవలెను. రెంటికి చెడ్డ రేవడియను సామెత ఇట్టివానికే తగును.

ఈ వయోనిబంధనను గూర్చి అమెరికా న్యాయస్థానములు విచారించిన తీరు గమనింపదగినది. మిస్సౌరీ రాష్ట్రములో ఒక విద్యార్థి, చదువు పట్టుబడకుండ జేయు లోపము చిన్ననాడు ఎవరును గుర్తింపకపోవుటచేత, క్రింది తరగతులలో రెండేండ్లు వెనుకబడెను. తుది యేట బేస్‌బాల్ ఆడబోవ వయస్సు మించినదనిరి. అతడు వ్యాజ్యము వేసెను. క్రింది న్యాయస్థానము అనుకూలముగ ఉత్తరువిచ్చినను, ఎనిమిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము 1994లో దానిని కొట్టివేసెను. మిచిగన్ రాష్ట్రమునుండి వచ్చిన ఇట్టి వ్యాజ్యములోను ఆరవ సర్క్యూటు న్యాయస్థానము 1995లో అదే దారి త్రొక్కెను. వయోనిబంధనమునకు చెప్పబడిన కారణములు స్పష్టముగ నున్నవి: పెద్దవారితో తలపడి చిన్నవారు గాయపడకుండ కాపాడుట; పెద్దవారిని దింపి గెలుచు జట్ల అన్యాయపు లాభమును తగ్గించుట; ఒడలు ముదురుటకై చదువును ఆలస్యము చేసికొనువారిని నిరుత్సాహపఱచుట.

ఈ తీర్పులలో మాకు మిక్కిలి విచారము గలిగించు సంగతి యొకటి కలదు. తెలిసి తెలిసి తరగతి నాపించువారిని అడ్డుటకు కట్టిన గోడకు, ఏ కపటమును లేక, చదువు రాక వెనుకబడిన దౌర్భాగ్యులు తగిలి పడిరి. లెక్కలు వేసి యేడాది ఆపించినవారు మాత్రము ఆ గోడ అంచు క్రిందుగా దూరిపోవుచున్నారు. ఈ వాడుక వలన కలుగు చేటు ఒక్క యింటితో తీరునది కాదనుటకు ఇదియే నిదర్శనము. మహమ్మారి పిదప 2021లో టెక్సాస్ శాసనసభ కొన్ని తరగతుల విషయమున పిల్లవానిచేత తరగతి మరల చదివించు హక్కును తల్లిదండ్రులకే ఇచ్చెను. చదువు నష్టపోయిన పిల్లలకు అది మేలైన శాసనమే. అయితే శాసనము ఒక పనిని చేయవచ్చుననినంత మాత్రమున ఆ పని చేయదగినదని అర్థము కాదు. ఈ భేదమును మా వృత్తిలోనివారు మఱువరాదు. తల్లిదండ్రులు అసలే మఱువరాదు.

ఇక ఎదుటిపక్షపు వాదమును న్యాయముగ విందము. తరగతిలో తోడివారికంటె కొన్ని మాసములు పెద్దవాడగుట ఆటలో లాభమే యనుట వట్టిమాట కాదు. కెనడా దేశపు హాకీ ఆటగాండ్ర పుట్టిన మాసములను పరిశీలించి, 1985లో రోజర్ బార్న్‌స్లీయు, ఆయన తోడివారును ఒక సంగతి వెల్లడించిరి. అచ్చట వయస్సు లెక్క జనవరి 1వ తేదితో మొదలగును. పేరెన్నికగన్న ఆటగాండ్రలో సంవత్సరపు మొదటి మాసములలో పుట్టినవారే హెచ్చుగానుండిరి. ఎనిమిదేండ్ల వయస్సున పదునొకండు మాసముల తేడా సామాన్యమైనది కాదు. పెద్దవాడు జట్టులోనికి ఎంపికయగును. ఎంపికయినవానికి మంచి శిక్షణ దొరకును. శిక్షణ దొరకినవాడు నిజముగనే మేటియగును. తుది దినములలో పుట్టిన పిల్లవాడు ప్రజ్ఞయుండియు వెనుకబడును. పంచాంగము చేసిన ఈ అన్యాయమును ఒక యేడు ఆపి సరిదిద్దుకొందుమని తండ్రి యనినచో, ఆ మాట తోసివేయదగినది కాదు.

కాని ఆ మాటను కడవఱకు పరికింపవలెను. బాలురకు ఎత్తు మిక్కిలి వడిగా పెరుగు కాలము సగటున పదునాలుగవ యేడు. బాలికలకు పండ్రెండవ యేడు. ఒకే దినమున పుట్టిన ఇద్దఱు పదుమూడేండ్ల బాలురలో ఒకడు నూనూగు మీసములతో నుండును. వేరొకడు ఇంకను పసిగొంతుతో మాటలాడును. పంచాంగపు వయస్సు వేఱు, ఎముకల వయస్సు వేఱు. కావున తరగతి నాపుటవలన ఎవనికి లాభము? ఆలస్యముగ ఎదుగు బాలునికి. త్వరగా ఎదిగి ఎనిమిదవ తరగతిలోనే నిలువెత్తు మనిషియైనవానికి ఆ యేడు తెచ్చిపెట్టునది స్వల్పము. వాని ఎదుగుదల చాలవఱకు ముగిసినది. ఆడుపిల్లలలో పెక్కుమందికి ఆ తరగతినాటికే వడిగా పెరుగు కాలము దాటిపోవును. అయినను లోకములో జరుగునదేమి? అప్పటికే ఎత్తుగా, బలముగా నుండి బంతిని తన చేతిలోనే ఉంచుకొను బాలునిచుట్టును శిక్షకులు చేరుదురు, వానినే ఆపుమందురు. చిన్నగానుండి, ఎదిగినపిమ్మట మేటి కాగల బాలుని వంక చూచువాడు లేడు. ఔషధము రోగి కీయక ఆరోగ్యవంతునికి త్రాగించినట్లున్నది.

ఇంకొక సంగతి. ఈ లాభము ఇతరులతో పోల్చుకొనిన లాభమే గాని, సొంతముగ సంపాదించిన లాభము కాదు. రథోత్సవములో ముందు వరుసవాడు మునివ్రేళ్లమీద నిలిచినచో వానికి స్వామి బాగుగ కనబడును. వెనుకవాడును మునివ్రేళ్లమీద నిలుచును. వాని వెనుకవాడును నిలుచును. తుదకందఱికిని కాళ్లు నొప్పులు. కనబడునది మొదట కనబడినంతయే. ఎనిమిదవ తరగతిలో పదిమంది ఆగినచో పదునొకండవవాని తండ్రియు ఆపించును. ఇంకను ఆలోచింపుడు. బలముతో గెలుచుటకలవాటుపడినవాడు నేర్పును విడుచును. కెనడా హాకీనే మరల పరిశీలించినవారు, పైమెట్టున, మేటి ఆటగాండ్ర నడుమ, ఆ తొలిమాసముల వారి ఆధిక్యము నిలువకపోవుటను, చిన్నవారుగా నెగ్గుకొని వచ్చినవారే మిన్నలగుటను 2012లో చూపిరి. ఎదిరి పెద్దవాడైనపుడు చిన్నవాడు కంటితో చూచి, బుద్ధితో తప్పించుకొని, అడుగు నేర్చును. ఆ విద్య వయస్సు నరువు తెచ్చుకొన్నవానికి అబ్బదు.

ఆశ ఎంత పెద్దదో దాని కొలతయు తెలిసికొనవలెను. అమెరికాలో హైస్కూలు ఆటలాడు పిల్లలు ఎనుబది లక్షలకు పైబడియున్నారు. ఎన్.సి.ఎ.ఎ. కళాశాలలలో ఆడువారు సుమారు 5 లక్షల 30 వేలు. అనగా నూటికి ఏడుగురు. ఆ కళాశాలా క్రీడాకారులలో ఆటనే జీవనముగ చేసికొనువారు నూటికి ఇద్దరైనను లేరు. వేయిమంది హైస్కూలు ఆటగాండ్రను వరుసగా నిలిపినచో డెబ్బదిమంది కళాశాల మైదానము చూతురు. ఆ డెబ్బదిమందిలో ఒకడు ఆటతో అన్నము తినును. 2021 జూలై 1వ తేదినుండి కళాశాలా ఆటగాండ్రు తమ పేరుమీద ధనము పుచ్చుకొనవచ్చునని తెఱపి దొరికినది. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన రాజీతో కళాశాలలే ఆటగాండ్రకు నేరుగా డబ్బీయవచ్చునైనది; 2025–26వ సంవత్సరమునకు ఒక్కొక కళాశాలకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవఱకు హద్దు పెట్టిరి. ఈ వార్త విన్న తండ్రికి కన్ను చెదరుట సహజమే. అయితే ఆ ధనములో అధికభాగము ఫుట్‌బాలునకును, మగవారి బాస్కెట్‌బాలునకును పోవును. పైగా కళాశాలలు నేడు హైస్కూలు బాలునికంటె వేరొక కళాశాలలో ఆరితేరిన ఇరువది, ఇరువదిరెండేండ్ల వానిని తెచ్చుకొనుటకు మొగ్గుచున్నవి. అట్టివాని యెదుట మనవాడు ఆపించుకొన్న ఒక యేడు ఏమూలకు?

ఇక వెలలెక్క. బాగుగ చదువు పిల్లవానిని ఊరకే ఆపుటకు ప్రభుత్వపాఠశాలలు సామాన్యముగ ఒప్పుకొనవు. కావున ప్రైవేటు పాఠశాల జీతము పైబడును. బ్రతుకు తుదిలెక్కలో సంపాదన యేడొకటి తగ్గును. ఇవి డబ్బుతో కొలువదగినవి. కొలువరానివి వేఱు కలవు. ఒకమారు నేర్చిన లెక్కలనే, చదివిన పాఠములనే మరల చదువు బుద్ధిమంతుడైన బాలుడు బడియనిన విసుగును నేర్చును. కలిసి పెరిగిన స్నేహితులు పై తరగతికి పోవుదురు. అన్నిటికంటె బరువైనది, "నీ ఆటకొరకు ఇంత చేసితిమి" అను మాట. అది తల్లిదండ్రులు నోరు తెఱచి అననక్కరలేదు. పిల్లవాడు తానే వినును. ఆట యనగా ఆనందము. ఆ మాట విన్న దినమునుండి అది అప్పు తీర్చుట యగును. మోకాలు తప్పినను, మనస్సు మఱలినను, ఆ అప్పు తీరదు.

తరగతిలో వెనుకనుంచుటను గూర్చి అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు చాలకాలముగ పరిశోధించుచున్నారు. పెక్కు పరిశోధనములను క్రోడీకరించి 2001లో షేన్ జిమర్సన్ చూపినదేమనగా, ఆపబడిన పిల్లలు చదువులో బాగుపడిన జాడ కానరాదని. అట్టివారిలో బడి మానువారును హెచ్చు. ఈ సాక్ష్యమును మా పక్షమున అతిగా లాగరాదు. ఆ పరిశోధనములు చదువులో తప్పినవారిని గూర్చినవి. మనము మాటలాడునది తప్పనివానిని గూర్చి. సాక్షి చెప్పనిదానిని సాక్షినోట పెట్టుట న్యాయవాదికి తగదు. అయినను ఇంతమాత్రము చెప్పవచ్చును: తరగతి మరల చదువుట దానంతటదియే బాలుని బుద్ధికి మేలు చేయునని నమ్ముటకు ఆధారము దుర్లభము. మేలు కలుగునని వాదించువాడే దానిని రుజువు చేయవలెను.

మఱి ఆలస్యముగ ఎదుగు బాలునికి దారి లేదా? కలదు. ఇంగ్లండు ప్రీమియర్ లీగువారు 2015లో ఒక మంచి ప్రయోగము చేసిరి. బాలురను పుట్టిన తేదినిబట్టి గాక, పెద్దయినపిమ్మట రాగల ఎత్తులో ఇప్పటికి నూటికెంత వచ్చినదో లెక్కగట్టి, నూటికి 85 మొదలు 90 వఱకు వచ్చినవారిని ఒక జట్టుగా చేర్చి ఆడించిరి. ముందుగ ఎదిగినవారు బలము చాలక నేర్పును వెదకిరి. ఆలస్యముగ ఎదుగువారికి బంతి కాలికి తగిలినది. తరగతితో పనిలేదు, పుస్తకముతో పనిలేదు, మైదానమునందే సరిదిద్దిరి. మైదానపు అన్యాయమునకు మందు మైదానముననే వెదకవలెను గాని తరగతిగదిలో వెదకరాదు.

అంతేకాదు. ఆ యేడు నిజముగనే కావలసినచో నడుమ తీసికొననక్కరలేదు, తుద తీసికొనవచ్చును. పండ్రెండవ తరగతి ముగిసినపిమ్మట ఒక యేడు ప్రత్యేకపాఠశాలలో చదివి ఆడు ఏర్పాటు అమెరికా ఈశాన్యరాష్ట్రములలో పూర్వమునుండి కలదు. కళాశాలలో చేరి, ఒక యేడు జట్టుతో సాధనచేయుచు పోటీలలో దిగకుండుట, రెడ్‌షర్టు అని వారు పిలుచునది, చిరకాలపు వాడుక. ఎన్.సి.ఎ.ఎ. నియమములు ఇందును చిక్కుముడులే గనుక ముందుగ విచారించుకొనవలెను. అయినను భేదమును చూడుడు. పదుమూడేండ్లవాని ఒడలు ఎట్లు ఎదుగునో, వానికి ఆటమీద మక్కువ నిలుచునో లేదో, బ్రహ్మకైనను తెలియదు. పదునెనిమిదేండ్లవాని ఒడలు కన్నులయెదుట నున్నది. చేత పట్టా యున్నది. ఔను కాదనుటకు వానికే నోరున్నది. ఆలస్యము అమృతమును విషము చేయుననుట నిజమే. కాని నిర్ణయము మాత్రము తెలివి కలిగినపిమ్మట చేసిననే మేలు.

నిర్ణయించువాడెవడు? ఇది మఱియొక ముఖ్యప్రశ్న. తన వ్యాజ్యములో తానే న్యాయాధిపతి కారాదనుట ధర్మశాస్త్రపు మొదటి పాఠము. పిల్లవాడు ఇంకొక యేడు పెద్దవాడై జట్టులో నుండిన లాభపడువాడు శిక్షకుడు. జీతము పుచ్చుకొని చేర్చుకొనిన లాభపడునది ఆ పాఠశాల. వారి మాట సాక్ష్యముగ వినవలెను గాని తీర్పుగ తీసికొనరాదు. పిల్లవాని ఎదుగుదల చూచిన వైద్యుని, చదువు చెప్పిన ఉపాధ్యాయుని, అన్నిటికి మించి పిల్లవానిని అడుగవలెను.

ఇక మన యింటివంక చూతము. మన పాఠశాలల జాతీయపోటీలు తరగతినిబట్టి గాక వయస్సునుబట్టి జరుగును: 14 లోపువారు, 17 లోపువారు, 19 లోపువారు. కావున తరగతి నాపిన మనవానికి ఆ పోటీలలో ఒక దినమైనను కలిసిరాదు. అందుచేత మనవారిలో కొందఱు తరగతిని వదలి పుట్టిన తేదినే పట్టుకొనిరి. పదునాలుగేండ్లవాడు పత్రముమీద పండ్రెండేండ్లవాడగును. 2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసమిచ్చుచు రాహుల్ ద్రావిడ్ ఈ దురాచారమును తీవ్రముగ ఖండించి, దీనివలన వయస్సు దాచని నిజాయితీపరుడైన బాలునికి చోటు పోవుననియు, తల్లిదండ్రులు శిక్షకులు అబద్ధమాడుట చూచిన బాలుడు మోసమునే నేర్చుననియు హెచ్చరించెను. దేశప్రభుత్వము 2010లో వయోవంచనను అడ్డుటకు నియమావళి చేసినది. క్రికెట్ మండలి బాలుర మణికట్టు ఎముకల ఛాయాచిత్రములు తీయించి వయస్సు పరీక్షించుచున్నది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్యయు 2009నాటి 17 లోపువారి ప్రపంచపోటీలలో మణికట్టును ఎం.ఆర్.ఐ.తో పరీక్షింప మొదలిడినది. పిల్లల మాటను నమ్మలేక ఎముకలను సాక్ష్యమునకు పిలువవలసివచ్చుట పెద్దలకు సిగ్గుచేటు.

అమెరికావారిది బాహాటముగ, శాసనములోబడి చేయు పని. మనది దొంగపత్రపు పని. రెండును సమానములని మేమనము. కాని రెంటికిని మూలమొకటియే: పిల్లవానిని వానియీడువారినడుమ నిలిపి పెంచు ఓర్పు పెద్దలకు లేకపోవుట. అక్కడ తరగతిని వంచిరి, ఇక్కడ తేదిని వంచిరి. కావున మన మనుమని విషయమున తరగతి నాపుమని సలహా చెప్పబోవు తాతగారు, మన ఊరి మైదానమున పత్రము మార్చిన పొరుగువానిని నిందించునపుడు తడబడక తప్పదు.

తరగతి నాపుట ఎన్నడును కూడదని మేము శపథము చేయుట లేదు. మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది: రేపు ఈ బాలుడు ఆటనే మానినను ఈ యేడు వానికి ఉపయోగపడునా? కొత్తగా ఆ దేశమునకు పోయి భాష పట్టుబడనివానికి, చదువుటలోనో లెక్కలలోనో పునాది బలహీనమైనవానికి, జబ్బుచేతనో ఆటల శిబిరములచేతనో నిజముగ పాఠములు పోయినవానికి ఉపయోగపడును. రెండవది: ఆ యేడు వానికి ఒడలిలో అవసరమని, శిక్షకుడు కాక వైద్యుడు చెప్పుచున్నాడా? 19 ఏండ్ల హద్దు లెక్కగట్టితిరా? మూడవది: సంగతియంతయు విడమఱచి చెప్పినపిమ్మట బాలుడు తానై కోరుచున్నాడా? మూటికిని ఔనని జవాబు వచ్చినచో నిస్సంకోచముగ ఆపుడు, లోకులేమందురోయని వెఱవకుడు. మొదటి ప్రశ్నకు కాదని వచ్చినచో తక్కినవి అడుగనక్కరలేదు. వానిని పై తరగతికి పంపుడు.

మన దేశమున ఆటలాడు పిల్లల ఉపాధ్యాయులకును ఒక విన్నపము. పోటీలకు పోయివచ్చిన బాలుని హాజరు చాలదని వెనుకకు నెట్టుట మార్గము కాదు; పోయిన పాఠములు చెప్పి, పరీక్ష వేఱొక దినమున పెట్టుట మార్గము. సి.బి.ఎస్.ఇ. మండలి జాతీయ, అంతర్జాతీయ పోటీలకు పోవు విద్యార్థులకు ఇట్టి వెసులుబాటు చేసినది. తక్కిన మండలులును, ప్రతి పాఠశాలయు దానిని అనుసరింపదగును. ఆటయు చదువును ఒకదాని నొకటి తినివేయు శత్రువులు కావు. వానిని శత్రువులుగ చేయుచున్నది మన ఏర్పాట్ల లోపము.

బాల్యమున ఒక సంవత్సరము చిన్నది కాదు. అది తల్లిదండ్రుల సొమ్ము కాదు, శిక్షకుని సొమ్ము కాదు, పాఠశాల సొమ్ము కాదు. అది బాలుని సొమ్ము. మైనరు ఆస్తికి సంరక్షకుడైనవాడు ఆ ఆస్తిని మైనరు మేలుకొరకు తప్ప వేఱొక పనికి వెచ్చింపరాదని శాసనము చెప్పుచున్నది. పొలము విషయమున పాటించు ఆ ధర్మమును ప్రాయము విషయమున పాటింపకుందుమా? తల్లిదండ్రులారా, మీ పిల్లవానిని ఆడనిండు, ఓడనిండు, తనయీడువారితో తలపడి నేర్వనిండు. వాని యేడు వానికి విడుచుడు.